నిల్వ వేరు, జ్ఞప్తి వేరు

ల్యాప్‌టాప్ మందగించినదనగానే మన ఉపాధ్యాయులు కొందరు పాత ప్రశ్నపత్రములను, వార్షికోత్సవపు ఛాయాచిత్రములను, తుదకు విద్యార్థులు వ్రాసిన కథలను సైతము తుడిచివేయుచున్నారు. ఇది తొందరపాటు. అంత చేసియు యంత్రము నత్తనడక మానకపోవుట పలువురికి అనుభవమే.

కృష్ణాతీరవాసులకు దీని కారణము సులభముగా బోధపడును. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వద్ద నిలుచు నీరు సుమారు 3 టి.ఎం.సి.లు, ఎగువ పులిచింతలలో పట్టునది 45కు పైమాట. అయినను డెల్టా కాలువలకు నీరు మళ్ళునది ఆ చిన్న మడుగునుండియే. ల్యాప్‌టాప్‌లో డిస్కు పులిచింతల వంటిది; పని జరుగునంతసేపు సమాచారమును చేతికందుబాటున ఉంచు ర్యామ్ బ్యారేజి వంటిది. పులిచింతలను ఖాళీ చేసినంతమాత్రమున బ్యారేజి విశాలము కాదు గదా!

కనుక మొదట చూడవలసినది తెరచియుంచిన వానిని. బ్రౌజరులో ముప్పది పుటలు, యంత్రము మేల్కొన్నదే తడవుగా పిలువని పేరంటమునకు వచ్చు ప్రోగ్రాములు, ర్యామ్‌ను ఆక్రమించునవి ఇవే. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కినచో టాస్క్ మేనేజర్ వాని జాతకము చూపును. స్టార్టప్ జాబితాలో అక్కరలేని వానిని అచ్చటనే ఆపవచ్చును.

డిస్కు బొత్తిగా నిండినను వేగము తగ్గుననుట నిజమే. ర్యామ్ చాలనపుడు యంత్రము డిస్కులో కొంత చోటు అరువు తెచ్చుకొనును. అప్పుడు తాత్కాలిక ఫైళ్ళను, ఒకసారి చూచి మరచిన చలనచిత్రములను తీసివేయవచ్చును. రీసైకిల్ బిన్‌ను కూడ ఖాళీ చేయవలెను. లేనిచో చెత్త పెరటిలోనికి చేరినదే గాని గడప దాటలేదు. చలనచిత్రము మరల దొరకును గాని ఎనిమిదవ తరగతి బాలిక తొలికథ దొరకదు. అట్టివానిని పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, పాఠశాల గ్రంథాలయపు బీరువాలో ఉంచిన పిమ్మటనే డిస్కు జోలికి పోవుడు.