పాటకు వచ్చిన వెండి కారు

అమ్మనంతకాలమే కొన్ని వస్తువులు అమూల్యాలు. 2022 మే 5న స్టట్‌గార్ట్‌లోని మెర్సిడెస్-బెంజ్ మ్యూజియంలో అటువంటిదొకటి వేలంపాటకు వచ్చింది. అది 1955 నాటి 300 ఎస్ఎల్ఆర్ ఊలెన్‌హౌట్ కూపే. పాట 13.5 కోట్ల యూరోల వద్ద ఆగింది. అంతవరకూ వేలంలో ఏ కారూ అంత ధర పలకలేదు.

అటువంటివి చేసినవే రెండు. పందేలకై పుట్టినా ఒక్క పందెమూ ఎరుగవు. 1955 జూన్‌లో లె మాన్ పందెంలో ఎనభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ యేడాది చివర కంపెనీ పందేల నుండి తప్పుకున్నది. ఒక కారును దాని రూపకర్త రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ స్వయంగా వాడుకున్నారు. తరువాత ఆరు దశాబ్దాలకు పైగా రెండింటినీ కంపెనీయే చెక్కుచెదరకుండా కాపాడింది.

అమ్మగా వచ్చిన సొమ్మును పర్యావరణ రంగంలో విద్యార్థుల ఉపకారవేతనాలకు కేటాయించారు. రెండవ కారు కంపెనీ వద్దనే ఉన్నది. కొన్నవారు అప్పుడప్పుడు ప్రదర్శనకిచ్చేందుకు సమ్మతించారు. ఇక ఆక్షేపణ దేనికని అడుగవచ్చు.

ఇల్లు గడవక నగ అమ్ముకున్నవారిని తప్పుపట్టలేము. కాని ఉపకారవేతనాలకై వారసత్వాన్ని అమ్ముకోవలసినంత లేమి ఆ ఇంట లేదు. దానం లాభాల నుండి చేయవచ్చును. మరొక 1955ను మాత్రం ఏ లాభమూ కొనితేలేదు. నిన్నటివరకూ ఆ కారును లోకానికి చూపడం ఒక సంస్థ బాధ్యత. నేడది ఒక వ్యక్తి ఔదార్యం. భద్రపరచిన చేతుల ఓర్పే ఆ ధరకు మూలమైనప్పుడు, ఆ ఓర్పును వేలం వేయడం నాకు సమ్మతం కాదు.

మీరేమంటారు?