విప్పడం కూడా విద్యే

తెలుగులో 'అల్లిక' అనే మాటకు ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు. పూలమాలకూ అల్లికే, వెదురు బుట్టకూ అల్లికే, నులక మంచానికీ అల్లికే. పద్యపు బిగువును మెచ్చుకోవలసి వచ్చినప్పుడు సైతం మన విమర్శకులు అల్లసాని పెద్దన అల్లికనే స్మరిస్తారు. ఆ అల్లికను గూర్చి పదేళ్లుగా తరగతిలో ఉపన్యసిస్తున్న నేను, అసలైన అల్లిక ఎట్టిదో ముప్పయి ఆరవ ఏట, రెండు సూదులూ ఒక నూలు ఉండా చేతబట్టినప్పుడు గాని ఎరుగను. అప్పుడు నాకు బోధపడినది అల్లికను గూర్చి కంటే చదువును గూర్చి ఎక్కువ.

పెళ్లయిన పదకొండేళ్లకు మా ఆపా తల్లి కాబోతున్నదని తెలిసింది. మా ఇంట బిడ్డ పుట్టబోతే నానీ తన పాత నూలు చీరలను మడతపెట్టి, ఒత్తుగా కుట్లు వేసి బొంత సిద్ధం చేసేది. ఆ చేయి ఆగిపోయి మూడేళ్లయింది. అంగడిలో దుప్పట్లకు కొరత లేదు, కాని కొన్నది కొన్నదే. ఎస్.ఆర్. నగర్‌లో మేము అద్దెకుంటున్న ఇంటి కింది భాగంలో, ఉత్తరాది చలి ఊళ్లలో ఏళ్ల తరబడి కాపురం చేసి వచ్చిన ఒక వృద్ధురాలు ఉన్నారు. నేను ఆమెను పెద్దమ్మ అని పిలుస్తాను. సాయంకాలాలు ఆమె వేళ్ల మధ్య ఊలు ఆడడం మెట్లు ఎక్కుతూ చూసేవాణ్ణి. ఒకనాడు ధైర్యం చేసి, "పెద్దమ్మా, నాకు నేర్పుతారా?" అని అడిగాను. ఆమె నవ్వి, "రా నాయనా, కూర్చో" అన్నారు.

ఇక్కడ మా పేట ప్రకృతిని గూర్చి ఒక మాట చెప్పాలి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న సందులలో గోడలన్నీ శిక్షణ ప్రకటనలే. ఉభయ రాష్ట్రాల నుండి వచ్చి హాస్టళ్లలో దిగిన యువకులు వేకువ నుండి రాత్రి వరకు కంప్యూటర్ భాషలు వల్లె వేస్తుంటారు. ఉర్దూలో నౌసిఖియా అని పిలిచే కొత్త అభ్యాసకులతో ఇంతగా నిండిన పేట మన నగరంలో మరొకటి ఉందనుకోను. వారందరూ త్వరపడుతున్నారు. పెద్దమ్మ గదిలో మాత్రం త్వర లేదు.

హైదరాబాదు ఎండకు ఊలు పనికిరాదని ఆమె నూలు దారమే తెప్పించారు. నూలు చెమటను పీలుస్తుంది, కాని ఊలు వలె సాగదు. కనుక మొదటిసారి పట్టేవాడి వేళ్లకు కాస్త కష్టమే. అయిదు మిల్లీమీటర్ల సూదుల మీద 120 కుట్లు ఎక్కించాము. 'ఉల్టా' జోలికి పోవద్దు, ప్రతి వరుసా 'సీదా' కుట్టే అన్నారు. గజానికి కాస్త తక్కువ చదరపు దుప్పటికి సుమారు 230 వరుసలు కావాలి. అనగా 27,600 కుట్లు. నా చేతికి వరుసకు ఇరవై నిమిషాలు పట్టేది. లెక్క కడితే 76 గంటలు పైన!

ముప్పయి నాలుగవ వరుసలో చూసుకుంటే దుప్పటి పైకి పోనుపోను వెడల్పు అవుతున్నది. లెక్కించగా 131 కుట్లు తేలాయి. వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగుతూ వచ్చానట. అలా లాగినప్పుడు మొదటి కుట్టు రెండు కుట్లుగా కనబడుతుంది. రెండింటినీ అల్లితే ఒకటి అదనంగా చేరుతుంది. అదీ కాక పన్నెండవ వరుసలో ఒక కుట్టు జారి, కింది వరకు చిన్న నిచ్చెన వలె ఊడి ఉన్నది. రెండేసి కుట్లను కలిపి అల్లి, అదనపువాటిని గుట్టుగా తగ్గించివేద్దామని చూశాను. పెద్దమ్మ కళ్లద్దాల పైనుంచి చూసి, "విప్పడం రానివాడికి అల్లడం వచ్చినట్టు కాదు నాయనా, విప్పు" అన్నారు. పదకొండు గంటల శ్రమ కొద్ది నిమిషాలలో ఒళ్లో కుప్పగా పడింది. ఆశ్చర్యమేమంటే దారం ఒక్క మూరైనా పోలేదు. కత్తెర పడిన గుడ్డ తిరిగి అతకదు గాని, అల్లిక తప్పితే అదే దారంతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఆ రాత్రి నాకు ఒక విద్యార్థి జ్ఞాపకం వచ్చాడు. ఇంట ఉర్దూ మాట్లాడుకునే కుర్రవాడు. తెలుగులో తొలిసారిగా సొంతంగా ఒక వ్యాసం రాసి తెచ్చాడు. నేను ప్రతి పంక్తికీ ఎర్రసిరా పూసి, తరగతిలో అందరి ఎదుట తిరిగి ఇచ్చాను. అతడు ఆ కాగితాన్ని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆపైన ఆ సంవత్సరమంతా తెలుగులో సొంతంగా ఒక్క వాక్యమైనా రాయలేదు. తప్పు చూపడమే బోధన అని నేను భ్రమపడ్డాను. విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుకొనే అవకాశం అతనికి ఇవ్వలేదు. మన పరీక్షల పద్ధతి కూడా ఇట్టిదే కదా! మార్కుల పట్టిక తప్పును లెక్కిస్తుందే గాని దిద్దుకున్నదానిని లెక్కించదు.

"మగవాడికి ఇదేమి పని?" అని మిత్రులు కొందరు పరిహసించారు. వారికి చరిత్ర తెలియదని నా మనవి. నేటికి దొరికిన అతి ప్రాచీనమైన సూదుల అల్లికలలో ఈజిప్టులోని ఇస్లామీయ యుగపు నూలు మేజోళ్లు ఉన్నాయి. 1275లో మరణించిన స్పెయిన్ రాకుమారుడు ఫెర్నాండో సమాధిలో పట్టు అల్లిక దిండు ఒకటి బయటపడింది. దాని అంచున 'దీవెన' అని అరబ్బీ లిపిలో అల్లి ఉన్నది. ఐరోపా నగరాలలో ఒకనాడు ఈ పని పురుషుల వృత్తి సంఘాల చేతిలో ఉండేది.

స్త్రీల పని అన్న మాట వెనుక మరొక అన్యాయం దాగి ఉంది. మన నరసాపురం పరిసరాల స్త్రీలు కొక్కెం సూదితో అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే ఆ స్త్రీలపై మరియా మీస్ 1982లో వెలువరించిన పరిశోధన గ్రంథం, రోజుకు గంటల తరబడి అల్లే వారిని లోకం కార్మికులుగా గాక తీరిక వేళ గడుపుకొనే గృహిణులుగా లెక్కించిన సంగతిని ఎత్తి చూపింది. ఒక వరుసకు ఇరవై నిమిషాలని ఎరిగిన తరువాత చేతి పని ముందు నిలిచి బేరమాడడానికి నాకు నోరు రావడం లేదు.

చేతి పనిని చదువులో చేర్చాలనే ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధా సమావేశం తరువాత ప్రాథమిక జాతీయ విద్యా ప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షుడు, ఈ హైదరాబాదులోనే జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆ ప్రణాళికలో చేతివృత్తి చదువుకు అలంకారం కాదు, కేంద్రం. 1964-66 నాటి కొఠారీ సంఘం పని అనుభవాన్ని కోరింది. 2020 విద్యావిధానం 6 నుండి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులను సూచించింది. తరతరానికీ పలికిన మాట ఒక్కటే. ఆచరణ మాత్రం పరీక్షల దుమ్ములో మరుగున పడుతున్నది.

దుప్పటి పూర్తి అయ్యేసరికి మేనకోడలికి నలభై రోజులు నిండాయి. తీరా చూస్తే, ఏడాది నిండని బిడ్డ నిద్రించే చోట వదులు దుప్పటి ఉంచరాదనీ, అది ముఖం మీదికి జరిగితే ఊపిరికి ప్రమాదమనీ వైద్యురాలు ఆపాతో చెప్పారట. ఒక్క క్షణం మనసు చివుక్కుమన్నది. కాని ఆ మాట సరియైనదే. బిడ్డ మెలకువగా ఉండి, పెద్దవారు పక్కన ఉన్నప్పుడు నేల మీద పరచి, బోర్లా వేసి ఆడిస్తున్నారు. ఒక అంచు ఇప్పటికీ కాస్త వంకరే. ఆపా ఆ అంచునే ముద్దు పెట్టుకున్నది.

కళాశాల పెద్దలకూ, సహోపాధ్యాయులకూ నా విన్నపం రెండు మాటలలో చెబుతాను. వారానికి ఒక గంట, బాలురకూ బాలికలకూ సమానంగా, ఏదో ఒక చేతి పనికి కేటాయించండి. దిద్దిన ప్రతి వ్యాసాన్నీ తిరిగి రాయనిచ్చి, రెండవ ప్రతికే మార్కులు వేయండి. ఆ కుర్రవాణ్ణి ఈ సంవత్సరం పిలిచి, అదే వ్యాసాన్ని మళ్లీ రాయమని అడిగాను. జేబులో మడిచిన కాగితం ఎప్పుడో పోయిందన్నాడు. పోతే పోయింది, మళ్లీ మొదలుపెడదాం రమ్మన్నాను. మొన్న రెండు పేజీలు తెచ్చి ఇచ్చాడు. ఎర్రసిరా కలం పక్కనపెట్టి, అతని పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను.