ఈ మర్జ్‌కి ఇయాదత్ లేదా?



మన ఖాన్‌దాన్‌లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అయ్యిందంటే దవాఖానాలో నిలబడటానికి జాగా ఉండదు. యాపిల్స్, బ్రెడ్డు, కొబ్బరిబోండాలు పట్టుకుని అందరూ దిగిపోతారు. ఇయాదత్ సవాబ్ పని అని చిన్నప్పటి నుంచి మనకి నేర్పారు మరి. అదే మనిషికి దిమాగ్‌కి సంబంధించిన జబ్బు చేస్తే మాత్రం ఆ గడప ఎవరూ తొక్కరు. ఒకరిద్దరు వచ్చినా గొంతు తగ్గించి "ఏదైనా అసర్ ఉందేమో చూపించారా?" అని అడిగి, చాయ్ తాగి వెళ్లిపోతారు.

ఇది ఎక్కడో విని రాస్తున్నది కాదు. మా చిన్న మామూకి 22 ఏళ్ల వయసులో స్కిజోఫ్రెనియా మొదలైంది. ఇప్పుడాయనకి 45. నానీ బతికున్నన్నాళ్లు ఆమె చూసుకుంది. తావీజూ కట్టించింది, మాత్రలూ మింగించింది. రెండింటిలో ఏదీ ఆపలేదు. నానీ ఇంతెఖాల్ తర్వాత మా ఖాలా చూసుకుంటోంది. మామూకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీసినప్పుడు మూడు రోజుల్లో అరవై మంది వచ్చి చూసి వెళ్లారు. అంతకు రెండేళ్ల ముందు ఎర్రగడ్డలో నెల రోజులున్నప్పుడు వచ్చింది ఇద్దరే. మనిషి మారలేదు, ఒళ్లూ అదే. జబ్బు పేరు మారిందంతే.

అసలు ఎర్రగడ్డ అనే పేరునే మనం గాలీ చేసేశాం. ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ని ఎర్రగడ్డకి పంపాలి" అంటాం. అటు ఆంధ్రలో విశాఖ చినవాల్తేరు పేరు వాడతారు. రెండూ సర్కారీ దవాఖానాలే. అక్కడికి వెళ్లేది మన అన్నదమ్ములు, మన ఆపాలు, మన బిడ్డలే. దవాఖానా పేరునే తిట్టు చేసుకున్న సమాజంలో ఏ అమ్మీ తన కొడుకుని పగటిపూట అక్కడికి తీసుకెళ్లగలదు చెప్పండి?

దువా గురించి ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే కొందరు బుజుర్గులు ఇక్కడే చదవడం ఆపేస్తారు. దువా వద్దని నేను అనడం లేదు. కసుమూరుకో, జాన్‌పహాడ్‌కో, కడప పెద్ద దర్గాకో వెళ్లి ఏడ్చి వచ్చిన తల్లికి ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. ఆ సుకూన్ నేను కాదనను. కానీ దువా పేరుతో దవా ఆపించేవాళ్లతోనే పేచీ. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడిచిన ఒక ప్రైవేటు షెడ్డుకి నిప్పంటుకుంది. లోపలున్న మానసిక రోగుల కాళ్లకి గొలుసులు. పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ గొలుసు వేసినవాళ్లనే కాదు, ఇంట్లో దారి దొరక్క వాళ్లని అక్కడ వదిలి వచ్చిన కుటుంబాల లాచారీని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో దారీ ఉంది. గుజరాత్ మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఆవరణలో "దవా-దువా" పేరుతో సైకియాట్రీ క్లినిక్ నడిపారు. వచ్చిన మరీజ్‌కి దువా చేసి, ఆ పక్కనే ఉన్న డాక్టర్ దగ్గరికి పంపేలా ముజావర్లకి తర్బియత్ ఇచ్చారు. ఇది మనకి కొత్తేమీ కాదు. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన బీమారిస్తాన్‌లో మానసిక రోగులకి విడిగా వార్డు ఉండేది. దాని ఖర్చు వక్ఫ్ ఆమదనీ నుంచి వచ్చేది. ఆ తహజీబ్‌కి వారసులమని జల్సాల్లో చెప్పుకుంటాం. మన మస్జిద్ కమిటీ బడ్జెట్‌లో మాత్రం ఈ మరీజ్‌కి ఒక్క రూపాయి రాసి ఉండదు.

సరే, బీమార్ మనింట్లో ఉన్నాడు, ఎక్కడికి వెళ్లాలి? నాకు తెలిసింది చెప్తాను. మొదటి ఫోన్ 14416. దీన్ని టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు, మరీజే చేయక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చేసినా సలహా ఇస్తారు. రెండోది జిల్లా దవాఖానా, లేదా మీ దగ్గరి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. అక్కడ సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మందులు ఉచితం. ప్రతిసారీ ఎర్రగడ్డ దాకా, వైజాగ్ దాకా పోవాల్సిన పని లేదు. మూడోది సర్టిఫికెట్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాల మానసిక వ్యాధి కూడా వైకల్యంగా ఉంది. క్యాంపులో డాక్టర్లు 40 శాతం, అంతకంటే ఎక్కువ అని రాస్తే పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దాని దారి మీసేవలోనో, ఆంధ్రలో అయితే సచివాలయంలోనో అడగండి. తెలంగాణలో ఈ పెన్షన్ 2023లో 4,016 రూపాయలైంది, ఆంధ్రలో 2024లో 6,000 అయింది.

2017 మానసిక ఆరోగ్య చట్టం గురించి కూడా ప్రతి ఇంట్లో ఒకరికైనా తెలియాలి. దాని ప్రకారం మరీజ్‌ని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. ఒంటి జబ్బుకి అంబులెన్స్ ఎలా వస్తుందో, ఈ జబ్బుకీ అలాగే రావాలి. బీమా కంపెనీ రెండింటినీ సమానంగా చూడాలి. బాగున్న రోజుల్లోనే మరీజ్ తెల్ల కాగితం మీద, చికిత్స విషయంలో తన తరఫున మాట్లాడే మనిషి పేరు రాసి సంతకం పెట్టొచ్చు. అన్నిటికంటే పెద్ద మాట, నలుగురి మధ్య బతకడం అతని హక్. కుటుంబం లేదనో, కుటుంబం వద్దందనో జీవితాంతం దవాఖానాలో ఉంచేయకూడదు.

చట్టం బాగుంది. కానీ నలుగురి మధ్య బతకడానికి ఆ నలుగురూ ఎక్కడున్నారు? డాక్టర్ నెలకోసారి పది నిమిషాలు చూస్తారు. మిగతా రోజులన్నీ ఖాలావే. మాత్ర నాలుక కింద దాచాడా, రాత్రి పడుకున్నాడా, బయటికెళితే పిల్లలు "పాగల్, పాగల్" అని రాళ్లు వేశారా... ఇవన్నీ ఆమె ఒక్కతే చూసుకోవాలి. ఆమె తన సొంత దేవర కొడుకు నికాకి కూడా వెళ్లలేదు, మామూని ఎవరి దగ్గర వదలాలో తెలియక. ఆమె నన్ను అడిగే సవాల్ ఒక్కటే: "నా తర్వాత వీడు ఎక్కడికి పోతాడు?" దీనికి 14416 దగ్గరా జవాబు లేదు, కలెక్టరేట్‌లోనూ లేదు. జవాబు చెప్పాల్సింది ఖాన్‌దాన్, మొహల్లా.

అందుకే నా రాయ్ ఇది. ఇలాంటి మరీజ్ చుట్టూ మనుషులు నిలబడటం మొహల్లా మీద ఫర్జె కిఫాయా లాంటి బాధ్యత అనుకోవాలి. జనాజాకి గుస్ల్ ఇచ్చేవాళ్లు ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురు ఉంటారు, అందరికీ వాళ్ల పేర్లు తెలుసు. అలాగే ప్రతి మస్జిద్ పరిధిలో ఒక మగమనిషి, ఒక ఆపా ఉండాలి. ఓపీ ఏ రోజో, చీటీ ఎక్కడ రాస్తారో, సర్టిఫికెట్‌కి ఏ కాగితాలు కావాలో వాళ్లకి తెలిసి ఉండాలి. మొదటిసారి వెళ్లే కుటుంబంతో పాటు బస్సెక్కాలి. హైదరాబాద్ ఎన్.ఎస్.కుంటలో మస్జిదె ఇస్హాక్‌లో 2018 నుంచి బస్తీవాళ్ల కోసం క్లినిక్ నడుస్తోంది, మతం అడక్కుండా చూస్తారు. మస్జిద్‌లో బీపీ, షుగర్ చూడగలిగినప్పుడు ఈ జబ్బు గురించి మాట్లాడటానికి ఒక మూల దొరకదా?

దీనికి పెద్ద చందాలు అక్కర్లేదు. ఎక్కువగా కావాల్సింది వక్త్. వారంలో ఒక పూట ఎవరో ఒకరు మామూతో కూర్చుంటే ఖాలా బజారుకి వెళ్లొస్తుంది. కిరాణా కొట్టు ఉన్న భాయ్ రోజుకి రెండు గంటలు పప్పు పొట్లాలు కట్టే పని ఇస్తే ఆ మనిషికి కాస్త ఇజ్జత్ దక్కుతుంది. సర్కారీ దవాఖానాలో దొరకని మందు ఉంటే బైతుల్ మాల్ నుంచి కొనివ్వొచ్చు. జకాత్ అయితే వలీ చేతికి ఎలా ఇవ్వాలో మీ ముఫ్తీ సాబ్‌ని అడగండి. ఇమాం సాబ్ ఏడాదికి ఒక్క జుమా ఈ విషయం మీద బయాన్ చేసినా చాలు. మతిస్థిమితం లేనివారి మీద షరీఅత్ నమాజ్, రోజాల బోజు పెట్టలేదని, మనం కూడా మాటల బోజు పెట్టొద్దని చెప్పాలి. రమజాన్‌కి ముందే డాక్టర్‌ని కలిసి మాత్రల టైము మార్చుకోమని కూడా చెప్పాలి. ముఖ్యంగా లిథియం వాడేవాళ్లు పగలంతా నీళ్లు తాగకపోతే ఒంట్లో ఆ మందు మోతాదు పెరిగే ఖత్రా ఉంది. మాత్రలు మానేసి రోజా ఉండటం తఖ్వా కాదు.

ఇంకా ఒక చేదు మాట. మతి సరిగా లేదన్నంత మాత్రాన మీరాస్‌లో హిస్సా పోదు. అలాంటివారి మాల్‌ని కాపాడుతూనే అందులోంచి తిండి, బట్ట పెట్టమని, మంచిగా మాట్లాడమని సూరె నిసాలో హుకుం ఉంది. మరి ఎన్ని ఇళ్లల్లో "వాడికెందుకులే" అని అన్నదమ్ములు ఇల్లు రాయించుకుంటున్నారు? ఇలాంటి చోట జిల్లా న్యాయసేవా సంస్థ వైకల్యం ఉన్నవారికి ఉచితంగా వకీల్‌ని ఇస్తుంది. అలాగే "షాదీ చేస్తే సెట్ అవుతాడు" అని జబ్బు దాచి రిష్తా కుదర్చడం కూడా ఇంకొకరి బిడ్డ మీద జుల్మే.

"ఇవన్నీ బయటపెడితే ఇంట్లో ఆడపిల్లల రిష్తాలు ఏం కావాలి?" అంటారు కొందరు. ఆ భయం ఝూటా కాదు, నేను తేలిగ్గా తీసుకోను. అందుకే మైకులో చెప్పమనడం లేదు. ఒక్క నమ్మకమైన మనిషికి చెప్పండి. ఆ మనిషి దాన్ని అమానత్‌గా ఉంచాలి. అమానత్‌లో ఖియానత్ చేసేవాణ్ని ఈ పనిలో పెట్టకూడదు. "ఇది హుకూమత్ చేయాల్సిన పని కదా" అని ఇంకొందరంటారు. ఔను, ముమ్మాటికీ. ఇలాంటివారు ఉండటానికి ఇళ్లు ఏర్పాటు చేయాలని ఆ 2017 చట్టమే చెప్తోంది. అవి కావాలని అడగాలి, ఓట్లకి వచ్చిన లీడర్‌ని నిలదీయాలి. కానీ పది కుటుంబాలు కలిసి అడిగితే కలెక్టర్ వింటారు. తలుపులేసుకుని కూర్చున్న ఒక్క ఖాలా గొంతు ఆ ఆఫీసు దాకా చేరదు.

ఈ జుమా తర్వాత ఒక పని చేయండి. మీ గల్లీలో అలాంటి ఇల్లు ఏదో మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు. రెండు యాపిల్స్ పట్టుకుని వెళ్లండి. అసర్ గురించి, జిన్ గురించి అడక్కండి. మరీజ్‌ని పేరు పెట్టి పిలిచి సలాం చెప్పండి. వచ్చేటప్పుడు ఆ ఇంటి ఆపాని "వచ్చే ఓపీకి నేను తోడు రానా?" అని అడగండి. అల్లా మనందరి మరీజులకి షిఫా ఇవ్వాలి, వాళ్లని మోస్తున్నవాళ్లకి తోడు ఇవ్వాలి. ఆమీన్.