ఒక యేడాది యాగుట దోషమా?

ఈ మాసమున మాకు జేరిన జాబులలో నొకటి గుంటూరు జిల్లానుండి యొక సోదరి వ్రాసినది. ఆమె కుమార్తె యీ యేటనే బి.ఏ. ముగించినది. కాలేజీలో రెండు మూడు నాటకములందు వేషము ధరించినది. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమున జేరవలెనని యామె కోరిక. అయితే ఈ యేడు పరీక్షకు బోక, ఒక వత్సరము నిలిచి, సిద్ధపడి పోయెదనని చెప్పుచున్నది. “ఆడపిల్ల యేడాది ఖాళీగా నింట గూర్చున్నచో నలుగురేమందురు? సంబంధములవారడిగిన నేమి చెప్పుదుము?” అని తండ్రిగారి యాక్షేపణ. మా యభిప్రాయ మేమని యా తల్లి యడిగినది.

ఆ విద్యాలయము 1959లో సంగీత నాటక అకాడమీచే స్థాపింపబడి, 1975నుండి స్వతంత్ర సంస్థగా నడచుచున్నది. చదువు మూడేండ్లు. పట్టభద్రులనే చేర్చుకొందురు. వయస్సు ముప్పది యేండ్లవరకు ననుమతింతురు. కనీసము ఆరు నాటకములలో పాల్గొనియుండవలెనని కూడ నియమము గలదు. మొదటి పరీక్షలో కంఠస్థము చేసిన నాటక భాగములను నటించి చూపవలెను. అందు నెగ్గినవారిని ఢిల్లీకి బిలిచి, కొన్ని దినములు పనిచేయించి, పిదప నెన్నుకొందురు. రెండు మూడు నాటకముల పిల్ల యొక యేడాగుదునన్నచో నది సోమరితనమెట్లగును?

1885లో కడప జిల్లా సురభి గ్రామమున బుట్టిన నాటక సమాజమును దలచుకొనుడు. అన్యత్ర పురుషులే స్త్రీ వేషములు ధరించు దినములలో అచ్చట స్త్రీలు రంగమెక్కిరి. వారి బిడ్డలు తెరలచాటున నిదురించి, తల్లుల మాటలు వినివిని నటన నేర్చిరి. మన యిండ్ల పిల్లలకట్టి బాల్యము లేదు. దానిలో నింతయైన నీ యొక్క యేటిలో సంపాదించుకొనవలెను.

కుమారుడు గ్రూపు పరీక్షలకని హైదరాబాదున గది తీసికొని రెండేండ్లు గూర్చున్నను మన మెవ్వరమును ఖాళీ యనము. నెలనెల సొమ్ము పంపి, చదువుకొనుచున్నాడని గౌరవముగా జెప్పుకొందుము. కుమార్తె యేడాది మాత్రము మన లెక్కలో వ్యర్థమగుట న్యాయమా?

అయితే ఆ యేడు నిజముగా పనిచేయు యేడు కావలెను. పరిషత్తు పోటీలకు నాటకములు సిద్ధపరచు సమాజములు మన పట్టణములలో నేటికిని గలవు. వానిలో నొకదాన జేరి, చిన్న వేషమైనను కాదనక, వేషము లేనినాడు తెరవెనుక దుస్తులు, దీపములు చూచుకొనవలెను. ప్రతి యుదయము గొంతునకును దేహమునకును సాధన చేయవలెను. హిందీ యుచ్చారణ దిద్దుకొనవలెను. 1892లో విజయనగరమున ప్రథమముగా నాడబడిన కన్యాశుల్కము మొదలు మంచి నాటకములను బిగ్గరగా జదువవలెను. తల్లియు నొకమారు రిహార్సలునకు బోయి, ఎవరు నడుపుచున్నారో, రాత్రి పిల్ల యెవరితో నిల్లు జేరునో స్వయముగా జూడవలెను. ఇందు మొగమాట పడనక్కరలేదు.

ఒక మాట మాత్రము దాచరాదు. ఎన్నిక కాకపోవచ్చును. దేశమంతటినుండి వచ్చువారిలో జేర్చుకొనబడువారు కొలది మందియే. కావున గడువును ముందే నిర్ణయించుకొని, తల్లిదండ్రులు, కుమార్తె కలసి యంగీకరించుట మేలు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, ఆంధ్ర విశ్వవిద్యాలయమునను నాటక శాఖలు గలవు. ఒక ద్వారము మూసికొనినను ఆ యేటి సాధన వృథాపోదు.

ఆ సోదరికి మేము చెప్పునది యింతే. భర్తగారితో వాదమునకు దిగకుడు. ఆరు మాసముల పిమ్మట ఏదేనొక యూరి పరిషత్తులో మీ యమ్మాయి రంగమెక్కు రాత్రి, ఆయనను వెంటబెట్టుకొని ముందు వరుసలో గూర్చుండుడు. ఆ యేడు ఖాళీగా గడచినదో లేదో ఆయనయే చెప్పగలరు.