బొంత బరువు బల్ల మోయాలి

పాత చీరలను, లుంగీలను, దుప్పట్లను పొరలు పొరలుగా పరచి బొంత కుట్టుకోవడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న అలవాటు. కట్టి విడిచిన బట్టను పారవేయక, చలికి కప్పుకొనే వస్త్రంగా మార్చే ఈ పనిలో పొదుపు ఉంది, ఓర్పు ఉంది. కొన్ని కుటుంబాలకు ఇది కొద్దిపాటి రాబడి కూడా. అయితే కొన్నేళ్ళు మిషను మీద బొంతలు కుట్టిన తరువాత మెడ, భుజం, నడుము పట్టివేసి పని మానుకొన్న సోదరీమణులు తక్కువేమీ కాదు. వయసు పైబడిందని కొందరు, మిషను పాతబడిందని కొందరు సరిపెట్టుకొంటారు. చాలాసార్లు అసలు లోపం ఈ రెండింటిలోనూ ఉండదు; మిషనును నిలిపిన బల్లలో ఉంటుంది. ఈ నెల ఆ బల్లను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

చేతికుట్టు బొంతకు బల్లతో పనిలేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ మహిళలు పాత బట్టల ముక్కలతో ‘కవండి’ అనే బొంతలు కుడతారు. అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి చేరుకొంటారు. అక్కడ బట్ట కదలదు, సూది కదులుతుంది. మిషను పద్ధతి దీనికి విరుద్ధం. సూది ఒకే చోట ఉంటుంది, బట్ట మొత్తం దాని కిందికి వచ్చి పోవాలి. రవికె గుడ్డ తేలిక కనుక ఇబ్బంది తెలియదు. ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గల బొంత అలా కాదు. దానిలో కొంత ఒడిలో ఉంటుంది, మిగిలినది బల్ల అంచు దాటి కిందికి వ్రేలాడుతుంది. మిషను పళ్ళు బట్టను వెనుకకు నెడుతుంటే, వ్రేలాడే బరువు ముందుకు లాగుతుంది. అందుచేత కుట్టు ఒకచోట పొడుగుగా, ఒకచోట పొట్టిగా పడుతుంది. సూది వంగి, కింది ఇనుపపలకకు తగిలి విరుగుతుంది. ఈ లాగుడును తట్టుకొనడానికి కుట్టే మనిషి బొంతను భుజంతో ఎత్తిపట్టుకొంటుంది. రోజుకు రెండు మూడు గంటలు ఇలా గడిస్తే ఏ శరీరమైనా ఎంతకాలం ఓర్చుకోగలదు? బొంత బరువును మోయవలసినది బల్ల, భుజం కాదు.

ఇందుకోసం దుకాణంలో వేల రూపాయలు పోసి ప్రత్యేకమైన బల్ల కొననవసరం లేదు. పాత సామాన్ల దుకాణంలో దొరికే ఆఫీసు బల్ల గాని, ఇంట్లో మూలన పడిన భోజనాల బల్ల గాని చాలు. ఎంచుకొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు చేతులతో పట్టి ఊపితే అది ఊగకూడదు. మడతకాళ్ళ తేలికపాటి బల్లలు మిషను వేగానికి వణుకుతాయి. కాళ్ళ అడుగున, అతుకుల దగ్గర చెద పట్టిందేమో చూడాలి. పైపలక నడుమ కుంగి ఉండకూడదు. పొడవైన కర్రను అడ్డంగా ఆనించి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. మోకాళ్ళకు అడ్డం వచ్చే సొరుగు ఉంటే తీసివేయించాలి. ఇక రంగు పోవడం, గీతలు పడడం లోపాలే కావు.

కాలితో తొక్కే మిషను ఉన్నవారికి పని సులువు. దాని తల పైపలకలోనే అమరి ఉంటుంది గనుక మిషను పీఠమూ, పలకా ఒకే మట్టంలో ఉంటాయి. తక్కువైనది వైశాల్యమే. నేల నుంచి పలక పైభాగం వరకు టేపుతో కొలిచి, అదే ఎత్తు గల బల్లను ఎడమవైపున ఆనించాలి. బల్ల ఎత్తు తక్కువైతే కాళ్ళ కింద చెక్కదిమ్మెలు బిగించవచ్చు, ఎక్కువైతే వడ్రంగి చేత నాలుగు కాళ్ళనూ సమంగా కోయించవచ్చు. వీలైతే వెనుకవైపున కూడా ఒక పలక చేర్చాలి. కుట్టిన భాగం జారిపోయేది అటువైపే. అయితే ఈ వెనుకపలకను మేకులతో శాశ్వతంగా బిగించరాదు. నూనె వేయడానికి మిషను తలను వెనుకకు వాల్చవలసి ఉంటుంది. కొక్కేలతో తగిలిస్తే కావలసినప్పుడు తీయవచ్చు. కుడివైపున చక్రానికి, బెల్టుకు చోటు వదలాలి.

బల్లమీద పెట్టుకొనే చిన్న కరెంటు మిషనుది వేరే చిక్కు. దాని పీఠం బల్లకన్నా మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. బొంత ఆ మెట్టు ఎక్కి దిగవలసి వస్తుంది. దీనికి రెండు మార్గాలు. మొదటిది, బల్లను కోయకుండా మిషను చుట్టూ ఎత్తు పెంచడం. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలో మిషను ఆకారానికి గాడి కోయించి, పీఠం ఎత్తుకు సరిపడే చెక్కకాళ్ళు బిగిస్తే చాలు. పూర్తి షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. అంత కొననక్కరలేదు, వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కతోనే పని జరుగుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి, బల్ల పాడుచేయడం ఇష్టం లేనివారికి ఇదే మేలు.

రెండవది, బల్లనే కోసి మిషనును లోపలికి దింపడం. ముందుగా అట్టముక్కపై మిషను అడుగుభాగాన్ని గీసుకొని, ఆ అట్టను కత్తిరించి కొలతగా వాడాలి. రంధ్రం కింద గట్టి పలకను మరమేకులతో వ్రేలాడదీసి, పీఠం బల్ల పైభాగంతో సమమయ్యేంత లోతులో నిలపాలి. తీగకు, బాబిన్ మార్చే చేతికి తగినంత సందు ఉంచడం మరువరాదు. కోసిన చెక్కముక్కను పారవేయకుండా దాచితే, మిషను తీసినప్పుడు రంధ్రాన్ని దానితోనే మూసి పిల్లలు చదువుకోవచ్చు. ఒక్క బల్ల రెండు పనులకు వస్తుంది.

ఏ పద్ధతి అనుసరించినా బల్ల పైభాగం నున్నగా ఉండాలి. ఉప్పుకాగితంతో రుద్ది, అంచులను గుండ్రం చేసి, సన్‌మైకా అతికిస్తే బొంత తనంతట తాను జారుతుంది. అంత ఖర్చు వద్దనుకొంటే నున్నని రెక్సిన్‌ను ముడతలు లేకుండా లాగి బిగించినా చాలు. బల్లను గది మూలకు జరిపి, ఎడమ అంచూ వెనుక అంచూ గోడలకు ఆనేలా ఉంచితే బొంత ఎటూ జారిపడదు. బల్ల కదలకుండా గోడే దన్నుగా నిలుస్తుంది.

ఎత్తు విషయం అన్నిటికన్నా ముఖ్యం. కుర్చీలో నిటారుగా కూర్చొని భుజాలు వదులుగా దించి మోచేతులు మడిచినప్పుడు, ముంజేతులు బల్లకు సమాంతరంగా ఉండాలి. భుజాలు పైకి లేస్తే కుర్చీ ఎత్తు పెంచాలి, నడుము వంగితే తగ్గించాలి. పాదాలు గాలిలో వ్రేలాడకుండా నేలమీద గాని, తొక్కుడు పలకమీద గాని ఆనాలి. ఇక కుట్టేటప్పుడు బొంతను చుట్టగా చుట్టి, మొదటి వరుసను నడుమ వేసి అంచులవైపు సాగాలి. దీనివల్ల పొరలు ముడతపడవు. మందమైన పొరలకు 16 నంబరు సూది, కాస్త పొడుగు కుట్టు అనుకూలం. వరుస పూర్తయిన ప్రతిసారీ లేచి నాలుగడుగులు వేయడం మంచిది.

చివరగా ఇంటి పెద్దలకు ఒక మనవి. అతిథులు కూర్చొనే కుర్చీలకు మనం వెనుకాడకుండా ఖర్చుచేస్తాము. ఇంటిల్లిపాదికీ దుప్పటి కుట్టిపెట్టే మనిషికి మాత్రం వంటగది పక్క మూల, ఊగే పీట, చాలీచాలని వెలుతురు మిగులుతాయి. ఆమె నొప్పి అని చెప్పినప్పుడు మందుబిళ్ళ తెచ్చి ఇస్తాము గాని, బల్ల ఎత్తు కొలిచి చూడము. ఒక పాత బల్ల, ప్లైవుడ్ ముక్క, వడ్రంగికి ఒక్కరోజు కూలి: ఇంతకు మించిన ఖర్చేమీ లేదు. ఈ సెలవురోజున టేపు చేతబట్టి ఆమెను మిషను ముందు కూర్చోబెట్టండి. ఏది ఎక్కువో, ఏది తక్కువో ఆమెనే అడగండి. కొలత తీసుకోవలసినది బల్లకు మాత్రమే కాదు, దానిపై పనిచేసే మనిషికి కూడా.