చేప లేని సముద్రం

ఎండలు ముదరగానే మగవాళ్ల సెంట్లన్నీ నీలం సీసాల్లోకి మారిపోతాయి. ఆక్వా, మెరైన్, ఓషన్. పొద్దున తొమ్మిదింటికి యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి చూడండి, సగం మంది సముద్రంలో మునిగి నేరుగా ఆఫీసుకి బయల్దేరినట్టే ఉంటారు. మనకేమో సముద్రం చూడాలంటే బందరు దాకా పోవాలి. అది మూడొందల కిలోమీటర్ల పైమాటే.

సీసాలో ఉన్నది మాత్రం ఏ సముద్రమూ కాదు. ఈ తరహా సెంట్లకి ప్రాణం పోసిన పదార్థాల్లో ముఖ్యమైనది కెలోన్. 1966లో ఫైజర్ అనే మందుల కంపెనీ కెమిస్టుల చేతికి చిక్కింది. 1988లో ఆరామిస్ 'న్యూ వెస్ట్', 1996లో అర్మానీ 'ఆక్వా డి జియో' వచ్చాక ప్రపంచంలో మగవాడి వేసవి వాసనంటే ఇదే అయిపోయింది. అసలు కెలోన్‌ని విడిగా పీలిస్తే పుచ్చకాయ కోసినట్టుంటుంది!

నిజం సముద్రం వాసనలో డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుంది. నీళ్లలోని సూక్ష్మజీవుల చావుబతుకుల్లోంచి పుడుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే దానికి తడి వలలు, డీజిలు, ఎండుచేపలు తోడవుతాయి. అక్కడ సముద్రం అంటే పని.

నీలం సీసా ఆ పనినీ, ఆ మనుషుల్నీ వడగట్టేసి, మిగిలిన నీలాన్ని మనకి అమ్ముతుంది. మనం కొంటాం. ఇదే నగరంలో అద్దెకి ఇల్లు వెతికినవాళ్లకి తెలుసు: "వెజిటేరియన్స్ ఓన్లీ". పక్క ఫ్లాట్లో ఎండుచేపలు వేగితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవ. ఆ గొడవ పెట్టేవాడి చొక్కా మీద ఓషన్!

"చేపల కంపు కొట్టే సెంటు ఎవడు కొంటాడు బాస్?" అంటారు. ఎవరూ కొనక్కర్లేదు. చెమట పట్టే ఊళ్లో హాయిగా ఉండే వాసన కోరుకోవడం తప్పూ కాదు. చల్లదనమే కావాలంటే వట్టివేళ్ల అత్తరు చార్మినార్ దగ్గర దొరుకుతుంది. నిమ్మ వాసనలా గంటలో ఎగిరిపోదు కూడా. నీలం సీసానే ఇష్టమైతే అదే కొట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నా పేచీ ముక్కుతో కాదు, ముక్కుకి మనం నేర్పిన కులంతో. సముద్రం పేరు ఒంటికి పూసుకుని, సముద్రం మీద బతికేవాళ్ల కూర వాసనకి తలుపు వేసేవాడిది సున్నితమైన అభిరుచి కాదు. అది వివక్షే. దానికి మంచి సెంటు కొట్టినంత మాత్రాన ఇంకోటి అయిపోదు.