పాత ఫ్లాటు కింద నేల లెక్క: రిజిస్ట్రేషన్ల శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ఉన్నతాధికారులకు,

2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైన అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ వంటి చోట్ల పాత అపార్ట్‌మెంటులో గోడలకన్నా కింది నేలకే విలువ ఎక్కువ. కొనేవారికి ఫ్లాటుతోపాటు స్థలంలో విడదీయని వాటా దక్కుతుంది. దస్తావేజులో అది చదరపు గజాల్లో ఉంటుంది. అనుమతి లేకుండా పైన మరో అంతస్తు లేపి, ఆ ఫ్లాట్లకూ వాటా రాసిచ్చి ఉంటే, ఉన్న నేలకన్నా కాగితం మీది గజాలే ఎక్కువవుతాయి. భవనం కూల్చి తిరిగి కట్టే రోజున తగువంతా అక్కడే.

కొనేముందు చూసే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో అమ్మకాలు, తనఖాలు కనిపిస్తాయి. మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కనిపించవు. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా కూడా అక్కరకు రాదు. రాష్ట్రంలో 2017 జనవరి 1 నుంచి అనుమతి పొందిన ప్రాజెక్టులకే అది వర్తిస్తుంది. జీవితకాలపు పొదుపంతా ముప్పై ఏళ్ల నాటి ఫ్లాటులో పెట్టే కుటుంబానికి మిగిలే ఆధారం అమ్మేవారి మాట, లాయరు అభిప్రాయం. ఇది అన్యాయం.

ఒక్కో భవనం కింద రిజిస్టరైన వాటాలన్నీ కలిపి, మొత్తం స్థలంతో సరిపోల్చి ఈసీలోనే చూపాలి. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానునూ దానికి జతచేయాలి. పాత భవనాలతోనే ఈ పని మొదలుపెట్టాలని శాఖకు విజ్ఞప్తి.